సుద్దగీత

నాలుగు వీధులు కలిసే చోట నిలబడ్డాను. చేతిలో కాగితం పొట్లం ఉంది, అందులో టిచ్ బటన్లు, సూదులు, ఒక కత్తెర ఉన్నాయి. కొట్టుకి వెళ్ళేటప్పుడు ఈ మూల మీద నేను గీసిన సుద్దగీత ఇప్పుడు లేదు. గీశాను, అందులో అనుమానం లేదు, బొటనవేలి గోరు కింద సుద్ద ఇంకా ఉంది, కానీ గోడ చూస్తే గోడలాగే ఉంది. సాయంత్రం నాటకం. రాణి వేషం నా ఆడపడుచుది. చివరి రంగంలో ఆమె అందరి ముందూ రాణి అంగీ మెడ పట్టుకుని ఒక్క లాగు లాగాలి, అది మెడ నుంచి నడుము దాకా విచ్చుకుని కింద పడాలి, లోపల నూలు బట్టతో మనిషి మిగలాలి. నాటకమంతా రాసింది ఆ ఒక్క లాగుడు కోసమేనని మా మేష్టారు అంటారు. రాసింది ఆయనే అయినా కుట్టింది నేను. బటన్లు నా చేతిలో ఉన్నాయి, అంగీ హాలులో ఉంది, హాలు ఎటుందో తెలియడం లేదు.

మెడలో కార్డు వేలాడుతోంది. దాని మీద మేం బస చేసిన చోటు చిరునామా ఈ ఊరి భాషలో రాసి ఉంది, దిగిన రోజే దుబాసీ అమ్మాయి అందరి మెడల్లో వేసింది, తప్పిపోతే ఎవరికైనా చూపించండి అంది. చూపించవచ్చు. అదిగో ఆ మనిషి ఆగి చదువుతాడు, ఏ బస్సో ఎక్కిస్తాడు, నేను బసకి చేరతాను. బస ఊరికి ఆ చివర. నేను మంచం మీద కూర్చుని ఉంటే ఇక్కడ తెర లేస్తుంది, పిన్నీసులు పెట్టుకున్న రాణి లాగకుండా నిలబడుతుంది. ఫోనుకి ఈ దేశం గాలి పడలేదు, దిగినప్పటి నుంచీ పలకడం లేదు. కార్డుని రవికె లోపలికి తోసేశాను. కనబడుతూ ఉంటే చెయ్యి దాని మీదికే పోతుంది.

అసలీ బటన్లు కొనవలసిన పనే లేదు. నా డబ్బాలో ఉండేవి. రేకు డబ్బా, మూత వంకర, అందులో లేనిది లేదు. పనిముట్టుని సామాన్లలో వెయ్యకూడదు, మనిషి వెంట ఉండాలి అని మా అత్తగారి శాసనం. పెళ్ళికి వెళ్ళినా, ఆసుపత్రికి వెళ్ళినా ఆమె సంచిలో కత్తెర ఉంటుంది, ఆ అలవాటు నాకూ అంటుకుంది. విమానం ఎక్కేటప్పుడూ డబ్బా చేతిసంచిలోనే పెట్టుకున్నాను. యూనిఫారం మనిషి మూత తీసి ఒక్కొక్కటీ బల్ల మీద పేర్చాడు, పెద్ద కత్తెర, చిన్న కత్తెర, కుట్టు విప్పే కత్తి, సూదుల కట్ట. పేర్చి నా మొహంలోకి చూశాడు. ఆయన చొక్కా చేతి బటన్ ఒక పోగు మీద వేలాడుతోంది, నేను దాన్ని చూస్తున్నాను. రెండు కుట్లు వేస్తే బిగుసుకుంటుంది, కానీ సూదులు ఆయన వైపు ఉన్నాయి. డబ్బా మొత్తం అటే పోయింది. మా నాటక సమాజం వాళ్ళు దారి పొడుగునా నవ్వారు, వదిన విమానాన్ని కత్తిరించి జాకెట్టు కుడదామనుకుంది అని. నా ఆడపడుచు పిలిచే పిలుపే సమాజమంతటికీ అంటుకుంది, నాకంటే పెద్దవాళ్ళకి కూడా నేను వదిననే. జేబులో ఉన్న సుద్దముక్కని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. నా బట్టలన్నిటికీ జేబు కుట్టుకుంటాను, ఆడవాళ్ళ బట్టలకి జేబు ఎందుకని అడిగినవాళ్ళకి నేను జవాబు చెప్పను, వాళ్ళకీ ఒకటి కుట్టి ఇస్తాను, మళ్ళీ అడగరు.

ఈ ఉదయం హాలులో ట్రంకుపెట్టె తెరిచాం. దారిలో ఎక్కడో వానకి తడిసింది. బట్ట ఆరింది కానీ టిచ్ బటన్లకి తుప్పు పట్టింది, సగం నొక్కితే పట్టుకోవు, సగం పట్టుకుంటే వదలవు. దుబాసీ అమ్మాయికి రాత్రి నుంచి పన్ను వాచింది, డాక్టరు దగ్గరికి వెళ్ళింది. మా మేనేజరు వచ్చి చూశాడు. ఆయన పేరు సమాజంలో గడియారం, మాట మాటకీ టైమెంతయిందో చెబుతాడు.

“పిన్నీసులు పెట్టెయ్ వదినా. గుడ్డికన్నా మెల్ల నయం.”

“పిన్నీసు పెడితే లాగినప్పుడు ఊడుతుందా? బట్టన్నా చిరుగుతుంది, పిల్లకన్నా గుచ్చుకుంటుంది.”

“అయితే లాగుడే తీసేద్దాం. మేష్టారికి నేను చెప్తా.”

“లాగుడు తీసేస్తే ఇంకేముంది నాటకంలో? నేను కొట్టుకెళ్ళి బటన్లు తెస్తా.”

“ఏ కొట్టుకి?”

“వంతెన అవతల, అద్దాల్లో కుట్టుమిషను పెట్టిన కొట్టు. మొన్న బస్సులోంచి చూశా.”

“మొన్న బస్సులోంచి అందరం రాజుగారి కోట చూశాం కదమ్మా!”

“మీరు చూశారు.”

ఆయన చేతి గడియారం చూసుకున్నాడు. “నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఇక్కడ నీకు నోరే లేదు. నువ్వు తప్పిపోతే నేను రాణిని వెతకాలా, నిన్ను వెతకాలా?”

అద్దం ముందు కూర్చుని సగం మొహానికి రంగు వేసుకున్న నా ఆడపడుచు ఇటు తిరిగింది. సగం రాణి, సగం మా ఇంటి పిల్ల. “వెళ్ళనీ బాబాయ్. మా వదిన వెళ్ళొస్తానంటే వెళ్ళొస్తుంది” అంది. అని మళ్ళీ అద్దం వైపు తిరిగి రెండో కనుబొమ్మ దిద్దుకుంది, ఇంక మాట్లాడేదేమీ లేనట్టు. ఈ ప్రయాణానికి మనుషుల్ని ఎంచినప్పుడు కూడా ఇలాగే అంది. భాష రాని దర్జీ ఎందుకు, అక్కడ ఎవరో ఒకరు దొరకరా అని గడియారమే అన్నాడు, వదిన లేకపోతే రాణి లేదని ఈమె అంది. ఒకసారి కాదు, రెండుసార్లు తన మాట నా మీద పెట్టింది. కాబట్టి ఇప్పుడు ఈ మూల మీద తప్పిపోయింది నేను ఒక్కదాన్నే కాదు.

వీధులన్నీ ఒక్కలాగే ఉన్నాయి. అవే రాళ్ళు, అవే కిటికీలు, ప్రతి మూలకీ పైనుంచి కిందికి దిగిన వాననీటి గొట్టం. ఒకే తాను నుంచి కత్తిరించినట్టు ఉంది ఊరు. మొదటి రోజు దీన్ని చూసి నాకు ఊపిరాడలేదు. బస గదిలో కుళాయి తిప్పడం రాలేదు, అది తిప్పేది కాదు ఎత్తేది. తలుపుకి తాళంచెవి లేదు, అట్టముక్క ఉంది. కింద బల్ల దగ్గర కూర్చునే ఆవిడ ఏదో అడిగింది, తల ఊపాను, ఇంకో దుప్పటి తెచ్చి ఇచ్చింది. మరునాడూ తల ఊపాను, ఇంకొకటి వచ్చింది. ఇప్పుడు నా మంచం మీద దుప్పట్లు గుట్టగా ఉన్నాయి, నా ఆడపడుచు వాటి మీద ఎక్కి కూర్చుని సింహాసనం బాగుంది వదినా అంటుంది. రెండో రోజుకి కళ్ళు తెరుచుకున్నాయి. మనుషులు మాట్లాడేది తెలియకపోతే ఏం, తొడుక్కున్నది తెలుస్తుంది కదా. బస్సులో నా ఎదుట కూర్చున్నాయన కోటు తిరగేసి కుట్టినది, గుండె మీది జేబు కుడి వైపుకి వచ్చింది. బట్ట బయట వెలిసిపోతే లోపలి వైపుని బయటికి తెచ్చి కుడతాం, అప్పుడు కుడి ఎడమలు మారతాయి. అంటే ఇక్కడా తిరగేసి కుట్టేవాళ్ళున్నారు, తిరగేసి కుట్టించుకునేవాళ్ళున్నారు. రొట్టెల కొట్టు పిల్ల మోచేతుల దగ్గర మాసిక వేసుకుంది, వేసింది ఆ పిల్ల కాదు, పెద్దచెయ్యి, తల్లో అమ్మమ్మో. అప్పటి నుంచి నాకు భయం తగ్గింది. కోట చూసి ఉంటే తగ్గేది కాదు.

నోరు లేదన్నాడు గడియారం. ఆయనకి తెలియదు, నేను నోరు లేకుండానే పని నేర్చుకున్నాను. మా అత్తగారి కొట్టులో నా నోట్లో ఎప్పుడూ గుండుసూదులే, ఆమె నోట్లోనూ అవే. పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం. ఆమె కనుబొమ్మ ఎత్తితే మడత తగ్గించాలి, గడ్డం ఊపితే విప్పి మళ్ళీ కుట్టాలి, ముక్కుతో గాలి వదిలితే బాగుందని. బాగుందన్న గాలి కోసం ఏళ్ళు పట్టింది నాకు. ఆ ఇంట్లో అత్తాకోడళ్ళు పోట్లాడుకోకపోవడానికి గుండుసూదులే కారణమని మా ఆయన వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు. నేను బయలుదేరే రోజున ఆమె సూదులు నోట్లోంచి తీసి, అది అరుదు, “భాష రాదని బెంగపడకు. చేతులు తీసుకెళ్తున్నావుగా” అంది. అని వెంటనే మళ్ళీ పెట్టుకుంది, నేను జవాబు చెబితే వినవలసి వస్తుందని.

ఆ చేతులతోనే కొట్టులో పని జరిగింది. తలుపు తోస్తే గంట మోగింది. లోపల గోడంతా సొరుగులు, ప్రతి సొరుగుకీ బయట ఒక బటన్ కుట్టి ఉంది, అది చాలు, చదవడానికి ఇంకేమీ అక్కర్లేదు. కొట్టు ఆవిడ మెడలో టేపు ఉంది. నేను తుప్పు పట్టిన టిచ్ బటన్ బల్ల మీద పెట్టి నాలుకతో టప్ మన్నాను. ఆవిడ దాన్ని గోటితో గీకి చూసి, ఒక సొరుగు లాగింది. అందులోంచి ఒకటి తీసి నొక్కి లాగాను, చెవి దగ్గర పెట్టుకుని. మెత్తగా ఊడింది, ఇది మొదటి రంగంలోనే విడిపోతుంది. ఇంకొకటి గట్టిది, రాణి లాగితే మెడతో సహా వస్తుంది. నాకు కావలసింది మధ్యది, నాటకమంతా పట్టుకుని ఒక్కసారికి వదిలేది. అది ఎలా చెప్పడం? చెప్పడానికి నేను రాణినయ్యాను. వెనక్కి ఒక అడుగు వేసి, తల ఎత్తి, రెండు చేతులతో మెడ పట్టుకుని లాగాను. ఆవిడ గబగబా లోపలికి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది, గొంతుకేదో అడ్డుపడిందనుకుంది. నీళ్ళు తాగాను, కాదనడం బాగుండదు. తర్వాత బల్ల మీద ఉన్న గుడ్డపేలిక మడిచి, అంచు వెంట వరసగా బటన్లున్నట్టు వేలితో చుక్కలు పెట్టి, పై నుంచి కిందికి సర్రున విప్పి చూపించాను. ఆవిడ పేలికని చూసింది, నన్ను చూసింది, ఇందాకటి నా వేషం గుర్తొచ్చి పడీపడీ నవ్వింది. నవ్వుతూనే పై వరసలో సొరుగు లాగింది. అందులోవి టప్ మన్నప్పుడు నా ముక్కులోంచి గాలి వచ్చింది, మా అత్తగారి గాలి.

పొట్లం కడుతూ ఆవిడ నా రవికె చెయ్యి పట్టుకుంది. అంచు తిరగేసి లోపలి కుట్టు చూసింది. బట్టలు కొనేవాళ్ళు బయట చూస్తారు, కుట్టేవాళ్ళు తిరగేసి చూస్తారు. నా కుట్టు మీద బొటనవేలు పెట్టి చివరి దాకా జరిపింది, ఎక్కడా ఆగలేదు. నేనూ ఆవిడ మెడ దగ్గర అంచు తిరగేశాను. చెయ్యి మంచిదే, కొంచెం తొందర మనిషి. తల ఊపాను. ఆవిడ వేలు నా వైపు చూపించి, కుట్టుమిషను వైపు చూపించి, మళ్ళీ నా వైపు చూపించింది, ఇది నువ్వేనా అని. నేనే అని గుండె మీద చెయ్యి పెట్టుకున్నాను. ఇంత పెద్ద ఊళ్ళో నేనెవరో తెలిసిన మనిషి ఒకతె ఉంది ఇప్పుడు.

బయటికి వచ్చేసరికి నేల తడిసి ఉంది. నేను లోపలుండగా వాన పడి వెలిసింది. వంతెన దాటాను, వంతెన ఒక్కటే కాబట్టి అంతవరకూ సరే. అక్కడి నుంచి మొదటి మూలకి వచ్చాను, ఈ మూలకి. వెళ్ళేటప్పుడు తిరిగిన ప్రతి మూలా ఒక గీత గీశాను, మడత పెట్టవలసిన చోట గీసే గీతలాంటిదే, ఎటు తిరగాలో అటు చిన్న తోక. ఇప్పుడు గీత లేదు. వాన కడిగేసింది. సుద్ద కదా, బట్ట మీదైతే ఒక తడుపుకే పోతుంది, పోవాలనే దాన్ని వాడతాం. ఇంత తెలిసినదాన్ని, మబ్బు చూసైనా నాకు తట్టలేదు. రెండు వైపులా వెళ్ళి చూశాను. ఎడమ వీధిలో కొంతదూరం నడిచి, ఎర్ర తలుపు చూసి ఇది చూశానని సంతోషపడ్డాను, ఆ పక్కన ఇంకో ఎర్ర తలుపు, దాని పక్కన ఇంకొకటి. వెనక్కి వచ్చాను. ఇక్కడి వెలుగు ఎంతసేపుంటుందో నాకు తెలియదు. హాలులో గడియారం చెయ్యి చూసుకుంటూ ఉంటాడు. నా ఆడపడుచు అద్దం ముందు ఉంటుంది, రెండో సగం మొహం కూడా పూర్తయి ఉంటుంది, అద్దంలో తలుపు వైపు చూడకుండా చూస్తూ ఉంటుంది. ఏదీ మీ వదిన అని ఆయన అడగడు. అడగకపోవడం అడగడం కంటే ఎక్కువ. రవికె లోపల కార్డు అంచు గుచ్చుకుంటోంది.

మొహం మీద పడిన చూరు నీళ్ళు తుడుచుకుందామని చెయ్యి ఎత్తాను. రవికె చేతి అంచు తిరగబడే ఉంది, కొట్టు ఆవిడ తిరగేసినది తిరగేసినట్టే. లోపలి కుట్టు పక్కన సుద్దగీత కనబడుతోంది. ఈ రవికె కుట్టినప్పటిది, కొత్త రవికె, ఇంకా ఉతకలేదు. లోపలి వైపు. మా అత్తగారి గొంతు, గుండుసూదుల మధ్య నుంచి నలిగి వచ్చే గొంతు. నేను కొట్టులో కూర్చున్న మొదటి రోజున ఎవరిదో పట్టులంగా మీద బయటివైపు గీశాను, ఆమె లంగా నా చేతిలోంచి లాక్కుని అంది, “గుర్తు లోపలి వైపు పెట్టాలి. బయట గీసేవాడు దర్జీ కాడు, వెల్ల వేసేవాడు.” ఆ తర్వాత నా చెయ్యి ఎప్పుడూ బయటివైపు గీయలేదు. గీయమన్నా గీయదు. ఈ ఊరి మూలల మీద కూడా గీసింది నేను కాదు, చెయ్యి. నా కళ్ళు బస్సుల మీదా మనుషుల మీదా ఉన్నాయి, చెయ్యి దాని పని అది చేసుకుపోయింది.

మూల మీది గొట్టం దగ్గరికి వెళ్ళాను. గొట్టానికీ గోడకీ మధ్య అరచెయ్యి పట్టే సందు ఉంది. బుగ్గ గోడకి ఆనించి సందులోకి చూశాను. ఉంది. తెల్లగా, తోకతో సహా, గీసింది గీసినట్టు. వాన గొట్టం ముందు నుంచి పోయింది, వెనక్కి ఒక్క చుక్క రాలేదు. బయట గీసి ఉంటే ఈపాటికి కాలవలో ఉండేది. దాచినందుకే దొరకలేదు, దాచినందుకే మిగిలింది. వీధిలో నిలబడి గట్టిగా నవ్వాను. కుక్కని తిప్పుతున్న ఆయన ఆగాడు. గొట్టం వెనక ఏముందో అని ఆయన కూడా వంగి చూశాడు, గీత చూశాడు, నన్ను చూశాడు, ఏం అర్థమైందో, నవ్వి టోపీ ఎత్తి వెళ్ళాడు.

తోక కుడికి తిరిగి ఉంది, అంటే ఇప్పుడు నేను ఎడమకి తిరగాలి. తిరగేసిన బట్టకి అన్నీ తిరగేసి చదువుకోవాలి, అది నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఎర్ర తలుపుల వీధి. చివర గొట్టం, వంగాను, ఉంది. పూలకుండీల ఇల్లు, గొట్టం, ఉంది. ఒక చోట గొట్టం లేదు, అక్కడ మాత్రం ఆగాను, ఆ తర్వాత ఉత్తరాల పెట్టె వెనక చెయ్యి పెట్టి చూస్తే వేళ్ళకి సుద్ద అంటింది. ఆ చేత్తోనే బుగ్గ తుడుచుకుని, చూడకుండానే నడిచాను అక్కడి నుంచి. బయటి నుంచి చూసేవాళ్ళకి ఈ ఊళ్ళో నా జాడ ఎక్కడా లేదు. లోపలి వైపు మొదటి నుంచి చివరి దాకా నా గీతలున్నాయి. కోట చూసిన వాళ్ళెవరూ ఇంత ఊరు చూసి ఉండరు.

హాలు వెనక గుమ్మంలో గడియారం నిలబడి ఉన్నాడు. చెయ్యి చూసుకోవడం లేదు, వీధి చూస్తున్నాడు. నన్ను చూడగానే ఆయన భుజాలు కిందికి దిగాయి, దిగాక కోపం వచ్చింది.

“ఎవరు తీసుకొచ్చారు?”

“నా కాళ్ళు.”

“దారెవర్ని అడిగావు?”

“అడగడానికి నోరేదీ?”

ఆయన పొట్లం చూసి దారి ఇచ్చాడు. నేను రెండడుగులు వేసి వెనక్కి తిరిగాను. “రేపు మీకు ఊళ్ళో ఎటన్నా వెళ్ళాలనుంటే చెప్పండి. నేను తీసుకెళ్తా” అన్నాను.

నా ఆడపడుచు అద్దంలోంచే చూసింది. లేవలేదు, అడగలేదు, మెడ మీది జుట్టు పక్కకి తీసి కూర్చుంది. “తెస్తావని అంగీ అప్పుడే తొడుక్కున్నా” అంది. పిన్నీసులు ఒక్కటి కూడా పెట్టుకోలేదు. ఒంటి మీదే కుట్టాను, ఊపిరి బిగబట్టమన్నాను, బిగబట్టింది. కొత్త సూది, కొత్త కత్తెర, చెయ్యి పాతది. చివరి ముడి వేసి దారం తెంపి, వరసంతా నొక్కి, లాగమని గడ్డం ఊపాను. ఆమె లేచి నిలబడింది. తల ఎత్తి మెడ పట్టుకుని ఒక్క లాగు లాగింది. పై నుంచి కిందికి టపటపా విడిపోయి అంగీ కాళ్ళ దగ్గర పడింది. గదిలో వేషాలు వేసుకుంటున్న వాళ్ళందరూ చేతిలో పని ఆపారు. నా ముక్కులోంచి గాలి వచ్చింది.

ఆమె నూలు బట్టతో నిలబడి నా మొహంలోకి చూసింది. “బుగ్గ మీద తెల్లగా ఏంటి వదినా?” అని వేలు తడిచేసుకుని తుడవబోయింది. చెయ్యి పట్టుకున్నాను.

“సుద్దే. ఉండనీ.”

“జనం వస్తున్నారు, ఆ మొహంతో తిరుగుతావా?”

“ఉండనీవే. ఈ ఒక్కటీ బయటి వైపు ఉండనీ.”

ఆమెకి అర్థం కాలేదు. నేను సూది నోట్లో పెట్టుకుని, కింద పడిన అంగీ ఎత్తి, తిరగేసి, మొదటి బటన్ నుంచి మళ్ళీ చూసుకోవడం మొదలుపెట్టాను.